పలకని బ్లేడు

ఆ ఏడాది వానలూ మా బావా ఒకే రోజు వచ్చారు. వానలు మధ్యమధ్యలో ఆగేవి.

మా ఇంటి వెనక కోత మిల్లు. వంటింటికీ మిల్లుకీ ఒకటే గోడ. నేను పుట్టినప్పటినుంచీ ఆ గోడ అవతల బ్యాండ్ సా తిరుగుతూనే ఉంది. కింద ఒక పెద్ద చక్రం, పైన ఇంకొకటి, ఆ రెంటినీ చుట్టుకుని అరచేతి వెడల్పున పళ్ళ బ్లేడు. పట్టాల మీద బండిలో దుంగ వస్తుంది, బ్లేడు దాన్ని పలకలుగా చీలుస్తుంది. దుంగ చివరికొచ్చేసరికి రంపం గొంతు సన్నబడుతుంది. మధ్యాహ్నం అది విని అమ్మ కంచాలు పెట్టేది. పళ్ళు మొద్దుబారితే గోడ గుర్రుమంటుంది. అది విని నేను ఆకురాయి తీసేదాన్ని. మా ఇంట్లో గడియారం ఉండేది గానీ, దాన్ని చూసి ఎవరూ ఏ పనీ మొదలుపెట్టినట్టు నాకు గుర్తు లేదు.

ఇన్నేళ్ళ ఆ చప్పుడుకి నాన్న చెవులు అరిగిపోయాయి. ఆ సంగతి నాన్నకి తప్ప అందరికీ తెలుసని అనుకునేవాళ్ళం. డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, ఇక మిషను దగ్గర నిలబడొద్దన్నాడు. నాన్న "ఊఁ" అన్నాడు. వినపడని మాటలన్నిటికీ ఆయన జవాబు అదే. గట్టిగా చెబితే మాత్రం కోపం వచ్చేది.

"నాకు వినపడుతోంది. మీరే గొణుగుతున్నారు" అనేవాడు.

ఇల్లంతా కలిసి గొణుగుతోందని నమ్మడానికి సిద్ధపడ్డాడు గానీ, తన చెవుల మీద అనుమానం రానివ్వలేదు. చివరికి మిల్లు చూసుకోవడానికి అక్కనీ బావనీ పిలిపించాడు.

బావ అంతకుముందు ప్లైవుడ్ కొట్టులో పనిచేశాడు. చెక్క పలకల రూపంలోనే పుడుతుందని ఆయన నమ్మకం. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండేది. దానితో ఏనాడూ ఒక గీత గీసిన పాపాన పోలేదు. మిల్లులోకి ఇస్త్రీ చొక్కాతో వచ్చి, స్టూలు తుడిపించుకుని కూర్చుని, అన్నిటికీ ఒకటే మాట అనేవాడు: "ఇదేం పెద్ద బ్రహ్మవిద్యా?"

అక్క ఆ మాట విన్నప్పుడల్లా మాకేసి చూసేది, విన్నారా అన్నట్టు. అమ్మ అయితే అల్లుడు దగ్గినా లేచి నిలబడేది.

ఇక నేను. ఊళ్ళో బడి అయిపోయాక ఇంట్లో ఉన్నాను. బ్లేడ్లకి సాన పట్టే ముసలాయన మానేశాక ఆ పని ఎవరూ చెప్పకుండానే నాకు అంటుకుంది. గిన్నెలు తోమడం, బట్టలు ఆరేయడం, బ్లేడ్ల పళ్ళు రుద్దడం. ఒక పన్ను ఇటు, ఒక పన్ను అటు వంచడానికి ఒక పట్టకారు ఉండేది. అది వంటింట్లో గరిటెల పక్కనే వేలాడేది. "అది ఊరికే కూర్చుని పళ్ళు తోముకుంటూ ఉంటుంది" అని అక్క వచ్చినవాళ్ళకి చెప్పి నవ్వించేది. నేను నవ్వలేదని కూడా ఎవరూ గమనించేవారు కాదు. నోట్లో నాలుక లేని పిల్ల అని నాకు పేరు. నాలుక ఉంది. ఎవరికోసం ఖర్చుపెట్టాలో తెలియక దాచుకున్నాను, అంతే.

నాకు ఆ మిషను కావాలి. బండి పక్కన, బ్లేడుకి ఎదురుగా, నాన్న నిలబడే ఆ చోటు కావాలి. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి.

ఆ చోటులో నిలబడేవాడి అసలు పని కోయడం కాదు, పలికించడం. బ్లేడు ఎక్కించాక పై చక్రాన్ని ఒక పిడి తిప్పి పైకి లేపుతారు. బ్లేడు బిగుస్తుంది. ఎంత బిగించాలో చెప్పే ముల్లు మా పాత మిషనుకి ఎప్పుడో విరిగిపోయింది. నాన్న దుంగ తగలని పక్కన వేలి కణుపుతో బ్లేడుని కొట్టేవాడు. తల వంచి వినేవాడు. "పలికింది" అనేవాడు. అప్పుడే మోటారు వేసేవారు. బిగువు తక్కువైతే బ్లేడు దుంగలో దారి తప్పుతుంది, ఎక్కువైతే పగులుతుంది. మనుషుల మాట వినపడకపోయినా ఆయనకి ఇనుము మాట వినపడుతుందని మిల్లులో అందరూ నమ్మేవారు. నేనూ నమ్మాను.

వానలు మొదలైన వారంలోనే మెట్ల మేస్త్రి వచ్చాడు. ఆయన చెక్క మెట్లు తప్ప ఇంకేం చేయడు, అందుకే ఆ పేరు. మాటలు కూడా ఒక్కొక్క మెట్టు దిగినట్టు ఆగి ఆగి వస్తాయి. ఒకళ్ళు ఇల్లు కట్టుకుంటూ పెరట్లో చెట్లు కొట్టించారట. ఆ చెట్ల చెక్కతోనే ఆ ఇంటికి మెట్లు కావాలట. లారీలోంచి దుంగలు దించుతుంటే నేల అదిరింది. నల్లటి, నీళ్ళలో వేస్తే మునిగే కర్ర. పనివాళ్ళు దాన్ని ఇనుపకర్ర అంటారు.

"మెట్లకి సరిగ్గా సరిపోతుంది పెద్దాయనా. ఒక్క పలక పాడైనా ఇంకో చెట్టు లేదు" అన్నాడు మేస్త్రి, నాన్న చెవి దగ్గరకొచ్చి.

"ఊఁ" అన్నాడు నాన్న. తర్వాత అందరివైపూ తిరిగి, "ఈ మెట్ల కోత అయ్యాక మిషను ఎవరి చేతిలో పెట్టాలో చూస్తాను" అన్నాడు.

బావ చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు. చూడటానికి ఆయన తప్ప ఇంకెవరూ లేరు మరి.

*

ముందు చేయి తిరగడానికి మామూలు కర్ర కోద్దామన్నారు. బావ మొదటిసారి బ్లేడు ఎక్కించాడు. చుట్టగా కట్టిన బ్లేడుని విప్పేటప్పుడు చూసుకోకపోతే లోపలిది బయటికి తిరగబడుతుంది. అప్పుడు కిందికి చూడాల్సిన పళ్ళు పైకి చూస్తాయి. పళ్ళు పైకి చూస్తే అది రంపం కాదు, తిరిగే రేకు.

బండి తోసే అతన్ని మేమంతా బండన్న అంటాం. అతను నా పక్కకి జరిగాడు.

"పాపా, పళ్ళు ఆకాశం కేసి చూస్తున్నాయి."

"చూడనీ అన్నా. వాన వస్తుందేమో చెబుతాయి."

మోటారు వేశారు. బండన్న ముఖంలో ఏమీ కనపడనీకుండా బండి తోశాడు. బ్లేడు దుంగని రాసుకుంది. పొగ వచ్చింది. కాలిన వాసన వంటింట్లోకి పోయి, అమ్మ పొయ్యి మీద గిన్నె దించేసి పరుగెత్తుకొచ్చింది.

"కర్రలో ఏదో ఇనుము ఉంది. మేకులు కొట్టుంటారు వెధవలు" అన్నాడు బావ.

ఇంకో దుంగ పెట్టారు. మళ్ళీ పొగ.

"ఇందులోనూ ఉంది."

"అన్నిట్లోనూ ఉన్నట్టుంది" అన్నాడు బండన్న భక్తిగా.

భోజనం తర్వాత బావ కునుకు తీస్తే ఇంట్లో ఈగ కూడా రెక్క కదపకూడదు. ఆ సమయంలో నేనూ బండన్నా కలిసి బ్లేడు దించి, తిరగేసి, మళ్ళీ ఎక్కించాం. సాయంత్రం అదే దుంగ వెన్నలా తెగింది. బావ స్టూలు మీదనుంచి లేవకుండా చేయి ఊపాడు.

"చూశారా? మిషను అన్నాక మనిషిని గుర్తుపట్టాలి. టైము పడుతుంది."

"మీ బావ చేయి పడిందిగా" అంది అక్క నాతో.

చేయి పడింది నిజమే. ఆయనది స్టూలు మీద పడింది. నేను ఏమీ చెప్పలేదు. చెబితే నేర్చుకుంటాడు. ఆయన ఒక్క ముక్కయినా నేర్చుకోవడం నాకు ఇష్టం లేదు.

*

తర్వాత ఆయనకి మా బ్లేడ్లు నచ్చలేదు. పాతవి, నల్లబడ్డవి, పళ్ళు దూరం దూరంగా ఉన్నవి. "ఇవి బ్లేడ్లా, ముసలమ్మ నోరా?" అని నవ్వి, బస్సెక్కి వెళ్ళి కొత్తవి తెచ్చాడు. నీలంగా మెరిసేవి, చిన్న చిన్న పళ్ళు దగ్గరదగ్గరగా కిక్కిరిసినవి. వరండాలో ఒకటి విప్పి పరిచి, అందరినీ పిలిచి చూపించాడు.

"ఎన్ని పళ్ళున్నాయో చూశారా? పాతదానికి మూడింతలు. మూడింతల పళ్ళు, మూడింతల కోత. ఇదేం పెద్ద బ్రహ్మవిద్యా?"

అమ్మ ఆ పళ్ళని చూసి ముచ్చటపడింది. నాన్న వేలితో రాసి "ఊఁ" అన్నాడు. నేను ఆ వానాకాలంలో బావతో వాదనకి దిగింది ఆ ఒక్కసారే.

"పన్నుకీ పన్నుకీ మధ్య చోటు చాలదు బావా."

"ఏం, పళ్ళు పడుకోవాలా?"

అక్క పకపకా నవ్వింది.

"పొట్టు పట్టాలి" అన్నాను. "పన్ను కోసిన పొట్టు దాని ముందున్న గుంటలోనే కూర్చుని దుంగ దాటాక కింద పడాలి. పలచటి కర్రయితే పర్లేదు. ఈ దుంగలు ఇంత లావు. సగంలోనే గుంట నిండిపోతే మిగతా సగం పొట్టు ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి పోతుంది? గాలికి పోతుంది" అన్నాడు. "మరదలు పిల్లా, నువ్వు గుంటల సంగతి చూసుకో, నేను పళ్ళ సంగతి చూసుకుంటా. రెండు ముక్కలు ఎక్కువ మాట్లాడావు ఇవాళ, గొంతు నొప్పెడుతుందేమో చూసుకో."

కొత్త బ్లేడుతో మొదట మామిడిపళ్ళ పెట్టెలు చేసే కర్ర కోశాడు. మెత్తటిది, పలచటిది. బ్రహ్మాండంగా తెగింది. ఆ మాట దాచను. పలక మీద చేయి వేస్తే అద్దంలా ఉంది. ఇక చూడాలి ఆయన్ని. నాలుగు రోజులపాటు ఇంటికి ఎవరొచ్చినా ఆ పలక తెచ్చి చూపించాడు. పాలు పోయడానికి వచ్చినామె చేత కూడా నిమిరించాడు. పాత బ్లేడ్లన్నీ తుక్కు కొనేవాడికి వేసెయ్యమన్నాడు. నేను అలాగే అన్నాను. వాటిలో మంచిది ఒకటి చుట్టి వంటింట్లో కట్టెల వెనక పెట్టి, మిగతావి వేసేశాను. చెప్పిన మాట వినే పిల్లనని నాకు ఇంకో పేరు కూడా ఉంది.

*

ఇనుపకర్ర మొదటి దుంగ బండి మీదకి ఎక్కించిన రోజు మెట్ల మేస్త్రి స్వయంగా వచ్చాడు. రేకుల మీద వాన. మేస్త్రి తడిసిన గొడుగు గోడకి ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను.

బావ బ్లేడు ఎక్కించాడు. ఈసారి పళ్ళు కిందికే చూస్తున్నాయి. అదృష్టమో, బండన్న దయో. పిడి తిప్పాడు. చొక్కా చెమట పడుతుందనేమో కాస్త తిప్పి ఆపేశాడు.

"మావయ్యా, మీరు ఒకసారి చూడండి."

నాన్న వచ్చాడు. పంచె పైకి కట్టుకుని, ఎప్పటిలాగే వేలి కణుపుతో బ్లేడుని కొట్టాడు.

తడిగుడ్డ దులిపినట్టు శబ్దం వచ్చింది. వాన చప్పుడులో కూడా గుమ్మం దగ్గరున్న నాకు వినపడింది. బండన్నకీ వినపడింది. బండి మీద అతని చేతులు ఆగిపోయాయి. ఆ బ్లేడు అసలు పలకలేదు.

నాన్న తల వంచి విన్నాడు. ఎప్పుడూ ఆ సమయంలో కళ్ళు మూసుకునేవాడు. ఆ రోజు కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అవి బ్లేడు మీద లేవు, బావ ముఖం మీద ఉన్నాయి. బావ నవ్వుతూ తల ఊపాడు.

"పలికింది" అన్నాడు నాన్న.

మోటారు వేశారు.

దుంగలో మొదటి మూర బాగానే తెగింది. తర్వాత గోడ గొంతు మారింది. రంపం కోయడం మాని మూలగడం మొదలుపెట్టింది. కోత గాడిలోంచి పొట్టు రావడం లేదు, గోధుమరంగు పొడి పొగతో కలిసి వస్తోంది. బ్లేడు వేడెక్కింది. వేడెక్కిన ఇనుము సాగుతుంది, అసలే వదులుగా ఉన్నది ఇంకా వదులైంది. దుంగ లోపల అది ఎటు పోతోందో బయటినుంచి ఎవరికీ కనపడదు.

"తొయ్యి, తొయ్యి" అని అరిచాడు బావ.

బండన్న తోయలేదు. బావే వచ్చి భుజం పెట్టి తోశాడు. టపామని ఒక చప్పుడు. తెగిన బ్లేడు కొస పైకి లేచి రేకుల గోడని కొట్టి, వంకర తిరిగి నేల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బావ అప్పటికే తలుపు అవతల ఉన్నాడు. ఆయన అంత వేగంగా కదలగా చూడటం నాకు అదే మొదలు.

మిగిలిన బ్లేడు దుంగలోనే ఇరుక్కుపోయింది. గొలుసు వేసి చీల్చి పలకని విడదీశారు. మెట్ల మేస్త్రి దగ్గరికి వచ్చి దాని మీద అరచేయి పెట్టి నిదానంగా జరిపాడు. చేయి పైకి లేచింది, కిందికి దిగింది, మళ్ళీ లేచింది.

"దీని మీద ఎక్కితే పడవలో నిలబడ్డట్టు ఉంటుంది" అన్నాడు.

"కర్రలో లోపం అది. ఎండలో పెరిగిన చెట్టు కదా, లోపల మెలి తిరిగింది" అన్నాడు బావ గుమ్మం దగ్గరినుంచి.

మేస్త్రి ఆయనకేసి చూడలేదు. నాన్న చెవి దగ్గరికి వెళ్ళాడు.

"మిగతావి ముట్టుకోవద్దు పెద్దాయనా. రేపు బండి తెస్తా, వేరే చోటికి తీసుకుపోతా."

"ఊఁ" అన్నాడు నాన్న.

*

ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నిటి మీదా నేరం పడింది, ఒక్క బావ మీద తప్ప. కర్ర మెలి తిరిగింది. మోటారు పాతబడింది. వానకి గాలిలో తడి ఎక్కువైంది. బండన్న సగంలో తోయడం ఆపాడు. బ్లేడు అమ్మినవాడు మోసం చేశాడు. చివరికి అక్క వంటింట్లోకి వచ్చి, బావ మిషను దగ్గర ఉన్నప్పుడు నేను గుమ్మంలో నిలబడి అలా చూడటం కూడా మంచిది కాదంది.

"చూస్తే బ్లేడు తెగుతుందా?" అన్నాను.

"నీ చూపు అలా ఉంటుందే. ఆయనకి చేతులు ఆడవు" అంది.

ఆయనకి చేతులు ఆడతాయని తెలియడమే నాకు కొత్త సంగతి. అమ్మ అల్లుడికి కాఫీ కలిపింది. పాపం, పరుగెత్తి అలిసిపోయాడు.

నాన్న వరండాలో వానకేసి తిరిగి కూర్చున్నాడు. నేను మంచినీళ్ళ గ్లాసు తీసుకెళ్ళి వెనక నిలబడ్డాను. మామూలు గొంతుతో అడిగాను.

"నాన్నా, పొద్దున బ్లేడు నిజంగా పలికిందా?"

తిరగలేదు. కనీసం "ఊఁ" అని కూడా అనలేదు.

ఇంకో అడుగు ముందుకేసి మళ్ళీ అడిగాను. ఆయన వానని చూస్తూనే ఉన్నాడు. చేయి మాత్రం ఊరుకోలేదు. వేలి కణుపుతో కుర్చీ కర్రని కొడుతున్నాడు. కొట్టి, తల వంచి ఆగుతున్నాడు. మళ్ళీ కొడుతున్నాడు.

గ్లాసు పక్కన పెట్టేసి వచ్చేశాను.

బావని లెక్కచేయకుండా ఉండటం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. చెప్పులు గుమ్మం దగ్గర వదిలినంత తేలిక. కానీ నాన్నకి తన చెవుల సంగతి తెలుసు. ఎన్నాళ్ళనుంచో తెలుసు. ఎదుటివాళ్ళ ముఖం చూసి "పలికింది" అంటున్నాడు. ఇన్నాళ్ళూ అది చెల్లింది, ఎందుకంటే బిగించినవాళ్ళకి పని వచ్చు. పని రానివాడి ముఖం చూసి కూడా అదే మాట అన్నాడు, తనకి వినపడదని నలుగురికీ తెలియకూడదని. దానికోసం ఇంకెవరిదో చెట్టు పోయినా సరే. బావది తెలివితక్కువతనం. ఇది అది కాదు. ఇలాంటి ఏవగింపు నాన్న మీద కూడా పుడుతుందని నేను అనుకోలేదు. పుట్టాక, అది అందరికంటే ఆయన మీదే ఎక్కువ కాలం నిలిచింది.

కట్టెల వెనకనుంచి పాత బ్లేడు తీశాను.

వెలుతురు ఉన్నంతసేపూ మిల్లు గుమ్మంలో కూర్చున్నాను. మెత్తటి కర్రకి పన్ను బాగా ముందుకు వాలి ఉండాలి, చెక్కని పీక్కుంటూ పోతుంది. ఇనుపకర్ర దగ్గర అలా వాలితే పీకలేక కొట్టుకుంటుంది. అందుకని ప్రతి పన్ను ముఖాన్నీ ఆకురాయితో కాస్త నిలబెట్టాను. పక్కలకి వంపు కూడా ఎక్కువ అక్కర్లేదు, గట్టికర్ర బ్లేడుని అంతగా నొక్కదు. పట్టకారుతో ఒక్కొక్క పన్నునీ కొంచెం లోపలికి తెచ్చాను. ఒకచోట ఎక్కువ వంచేసి, తిరిగి సరిచేయబోతే పన్ను విరిగింది. తిట్టుకుని, దాని పక్కవాటిని జాగ్రత్తగా చూసుకున్నాను. మధ్యలో బావ వచ్చి నిలబడ్డాడు.

"తుక్కుకి వేసెయ్యమన్నానే?"

"వేశాను. ఇది మిగిలింది."

"దానికి సాన పట్టి ఏం చేస్తావు, కూరగాయలు కోస్తావా?"

"అవును బావా. రేపు మీకు వంకాయ కూర."

ఆయనకి అది ఎగతాళి అని అర్థం కాలేదు. "కారం తక్కువ వెయ్యి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

*

పొద్దున మెట్ల మేస్త్రి బండి తెచ్చాడు గానీ, దుంగలు ఎక్కించడానికి వాన ఆగలేదు. మిల్లులో నిలబడి ఎదురుచూస్తున్నాడు. నేనూ బండన్నా అప్పటికే బ్లేడు ఎక్కించాం. నిన్నటి దుంగలో మిగిలిన సగం బండి మీదే ఉంది.

"మేస్త్రిగారూ, ఇది ఎలాగూ పాడైనదే కదా. ఒక్క పలక తీసి చూస్తాను" అన్నాను.

ఆయన నాకేసి, బ్లేడుకేసి, నా చేతులకేసి చూశాడు.

"పాడైనదాన్ని ఎంత పాడుచేస్తావు? కొయ్యి" అన్నాడు.

బావ టవలుతో తల తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వెనక అక్క. వంటింటి గుమ్మంలో, నేను ఎప్పుడూ నిలబడే చోట, అమ్మ.

నేను పిడి తిప్పడం మొదలుపెట్టాను. అప్పుడు నాన్న వచ్చాడు. ఎవరూ పిలవలేదు. నా చేయి పిడి మీదనుంచి తీయించి, తనే ఇంకాస్త తిప్పి, వేలి కణుపుతో బ్లేడుని కొట్టాడు.

బ్లేడు పలికింది, కానీ పూర్తిగా కాదు. గొంతు అడుగున ఇంకా కాస్త బొంగురు ఉంది.

నాన్న తల వంచి ఆగాడు. కళ్ళు ఎత్తి బావకేసి చూశాడు. బావ ఈసారి తల ఊపే ధైర్యం చేయక పైకప్పు కేసి చూస్తున్నాడు. బండన్నకేసి చూశాడు. బండన్న బండి చక్రంలో ఏదో వెతుక్కున్నాడు. మేస్త్రి ముఖం మెట్టులా ఉంది, దాని మీద ఏమీ రాసి లేదు. చివరికి నాకేసి చూశాడు. నేను ముఖంలో ఏమీ పెట్టలేదు. ఇన్నేళ్ళు మాట్లాడకుండా ఉన్న మనిషికి అది పెద్ద కష్టం కాదు.

వాన రేకుల మీద పడుతోంది. నాన్న నా పక్కకి ఒంగాడు. మేస్త్రికి వినపడకూడదని చాలా చిన్నగా అడిగాడు.

"ఎలా ఉంది?"

నా జన్మలో ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. నేను ఆయన ముఖంలోకి చూసి, పెదవులు బాగా కనపడేలా, గట్టిగా అన్నాను.

"వినపడలేదు నాన్నా. గొణుగుతున్నావు."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న మెడ మీద ఒక నరం లేచి, నిదానంగా అణిగింది.

"ఎలా ఉంది?" అని మళ్ళీ అడిగాడు. ఈసారి మిల్లంతా విన్నది.

"ఇంకో పావు తిప్పు కావాలి" అన్నాను.

ఆయన పిడి తిప్పలేదు. వదిలేసి పక్కకి జరిగాడు. నేను పావు తిప్పు తిప్పి, కణుపుతో కొట్టాను. గంట మీద గోరు తగిలినట్టు సన్నగా, పొడుగ్గా మోగింది. బండన్న నవ్వాడు. మోటారు వేశాను.

పొట్టు వచ్చింది. పొడి కాదు, పొగ కాదు, నల్లగా చిన్న చిన్న పెచ్చుల్లా పొట్టు. రంపం గొంతు ఎక్కడా మారలేదు. దుంగ చివరికొచ్చాక సన్నబడింది. అమ్మ అలవాటుగా కంచాల కోసం లోపలికి వెళ్ళబోయి, ఇంకా పొద్దున్నే అని గుర్తొచ్చి ఆగిపోయింది. పలక విడివడింది. మేస్త్రి దాని మీద అరచేయి పెట్టి ఆ చివరినుంచి ఈ చివరికి జరిపాడు. చేయి ఎక్కడా లేవలేదు.

"పోయిన పలకకి ఒక మెట్టు తగ్గించుకుని గీసుకుంటే సరిపోతుంది" అన్నాడు తనలో తను. తర్వాత తను తెచ్చిన బండివాడితో, "నువ్వు వట్టి బండితోనే వెళ్ళిపో" అన్నాడు.

బావ స్టూలు మీదనుంచి లేచి వచ్చి పలకని నిమిరాడు.

"నిన్న నేను ముందు కోత వేసి దారి చేశాను కాబట్టి ఇవాళ తేలికగా తెగింది" అన్నాడు.

ఆయన్ని చూసి నాకు దాదాపు గౌరవం కలిగింది. అంత నిబ్బరం అందరికీ రాదు.

*

ఇనుపకర్ర అంతా నేనే కోశాను. వానలు వెనక్కి తగ్గే సమయానికి రంపపు పొట్టు తన ఒంటికి పడటం లేదని బావ కనిపెట్టాడు. అక్కా ఆయనా మళ్ళీ ప్లైవుడ్ కొట్టు ఉన్న ఊరికే వెళ్ళారు. మిల్లు మొత్తం తనే నిలబెట్టి వచ్చానని అక్కడ చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ. ప్లైవుడ్‌కి అంతకంటే గట్టి మనిషి అక్కర్లేదు. వెళ్ళేటప్పుడు అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. స్టూలు ఇప్పుడు బండన్న వాడుకుంటున్నాడు, తుడవకుండానే.

మిషను నీదని నాన్న ఎప్పుడూ అనలేదు. అలాంటి మాట ఆయన నోట్లో పట్టదు. రోజూ పొద్దున నేను బ్లేడు బిగించాక వస్తాడు, పంచె పైకి కట్టుకుంటాడు, వేలి కణుపుతో కొడతాడు, తల వంచుతాడు. మిల్లులో బేరగాళ్ళు ఉంటారు, వడ్రంగులు ఉంటారు. ఆయన నా పక్కకి ఒంగి చిన్నగా అడుగుతాడు.

"ఎలా ఉంది?"

నాకు మొదటిసారికే వినపడుతుంది. అయినా రెండోసారి అడిగిస్తాను.